కుక్కల బండిని కొలత పెట్టి కట్టండి

వీధికుక్కల మీద ఈ దేశంలో ఎన్నో తీర్పులు వచ్చాయి, ఎన్నో నిబంధనలు వచ్చాయి, టీవీల్లో గంటల కొద్దీ వాదనలు నడిచాయి. ఒక్క సంగతి మాత్రం ఎవరి నోటా రాదు. కుక్కను పట్టుకున్న చోటు నుంచి ఆస్పత్రి దాకా ఏ బండిలో తీసుకెళ్తున్నారు? ఆ బండి ఎవరు కట్టారు, ఏ కొలత పెట్టి కట్టారు? నాది ఇనుప పని. పుదుచ్చేరి తట్టాంచావడి పారిశ్రామికవాడలో షెడ్డు నడుపుతున్నాను. గేట్లు, గ్రిల్స్, ట్రాలీలు, తోపుడు బండ్లు కడతాను. సొంతూరు యానాం. నేను కుక్కల డాక్టర్ని కాను, జంతు సంరక్షణ సంఘాల్లో సభ్యుణ్నీ కాను. బండి అంటే ఎలా ఉండాలో మాత్రం తెలిసినవాణ్ని. ఆ తెలిసినంత మేరకే ఈ నాలుగు మాటలు.

2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు ఏం చెబుతున్నాయంటే, వీధికుక్కను వల వేసిగానీ చేత్తోగానీ పట్టుకోవాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలి, రేబీస్ టీకా వేయాలి, కోలుకున్నాక పట్టిన వీధిలోనే వదలాలి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఉన్న వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. అదే నెల 22న ఆ మాట సవరించి, రేబీస్ సోకినవీ, మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని ఎక్కడివక్కడ వదలమంది. మళ్లీ నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి కుక్కల్ని తీసేయాలనీ, తిరిగి అక్కడ వదలొద్దనీ ఆదేశించింది. వీటిలో ఏది న్యాయమన్న వాదనలోకి నేను దిగను. ఏది అమలు చేయాలన్నా ముందు కుక్కను బండెక్కించాలి. ఎక్కించాక అది బతికి, దెబ్బ తగలకుండా దిగాలి. దాని గురించి ఆలోచించినవాళ్లు ఎవరూ నాకు కనపడలేదు.

మరమ్మతు కోసం ఒకసారి నా షెడ్డుకు ఒక కుక్కల బండి వచ్చింది. ఏ ఊరిదన్నది ఇక్కడ అనవసరం. వెనక తలుపు బందులు ఊడిపోయాయి, అవి వేసివ్వమన్నారు. తలుపు తీసి లోపల చూశాను. పాత చెత్త బండికి చుట్టూ మెష్ కొట్టి కుక్కల బండి అనేశారు. అడుగున చెకర్ ప్లేటు, అంటే జారకుండా గీతలు పొడుచుకొచ్చిన ఇనుప రేకు. మధ్యాహ్నం ఎండలో చెయ్యి పెడితే చురుక్కుమంది. మధ్యలో అడ్డు పలకలేవీ లేవు. ఎన్ని కుక్కలు పట్టినా ఒకే గదిలో కుక్కాల్సిందే. గాలి వెనక తలుపు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాదు. సరిగ్గా ఆ తలుపు కిందే పొగగొట్టం. బండి కదిలితే పొగ నేరుగా లోపలికి పోతుంది. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది మెష్ కత్తిరించిన కొసలు. తీగ ముక్కలు లోపలి వైపుకి ముళ్లలా నిలబడి ఉన్నాయి. వాటి మీద వెంట్రుకలు, ఎండిన రక్తం. గ్రైండర్ పట్టుకుని పది నిమిషాలు తిప్పితే పోయే కొసలవి. కట్టినవాడు ఆ పది నిమిషాలు పెట్టలేదు, బిల్లు పాస్ చేసినవాడు లోపలికి తల పెట్టి చూడలేదు.

బందులు వేయమన్న బండికి కొసలన్నీ అరగదీసి, కింద రబ్బరు పరిచి పంపాను. పొగగొట్టాన్ని పక్కకి తిప్పించాను. అంతకు మించి ఆ బండికి చేయగలిగింది లేదు. మొదటి నుంచీ తప్పుగా కట్టినదాన్ని అతుకులతో బాగు చేయలేం.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, నాలుక మీది తడి ఆవిరైతేనే ఒంట్లో వేడి దిగుతుంది. పుదుచ్చేరి గాలిలో ఎప్పుడూ తేమ. సముద్రం పక్కనే ఉంది కాబట్టి తడి తొందరగా ఆరదు. ఆరని చోట కుక్క ఎంత రొప్పినా ఒళ్లు చల్లబడదు. కుక్కకు మామూలుగా ఉండే వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది. ఎండలో మూసి ఉంచిన కారు లోపలి వేడి అరగంటలో 15 డిగ్రీలకు పైగా పెరుగుతుందని కొలిచి చెప్పారు. ఇనుప డబ్బా సంగతి వేరే చెప్పాలా? అందులోనూ వలలో పెనుగులాడి, భయంతో గుండె దడదడలాడుతున్న కుక్క.

చట్టం లేక కాదు. 1978 నుంచీ జంతువుల రవాణా నిబంధనలున్నాయి. కుక్కలకూ పిల్లులకూ అందులో విడిగా ఒక భాగమే ఉంది. ఆకలితో, దాహంతో ఉన్నదాన్ని ఎక్కించకూడదు. దూర ప్రయాణంలో ఎండాకాలమైతే నాలుగు గంటలకోసారి నీళ్లు పెట్టాలి. కరిచే కుక్కను విడిగా పెట్టాలి. ఈనడానికి సిద్ధంగా ఉన్నదాన్ని అసలు తరలించకూడదు. బోనును బస్సు పైకప్పు మీద పెట్టకూడదు. కుదుపులు తగ్గించి, ఒక్కసారిగా బ్రేకు కొట్టకుండా నడపాలి. ఇంత వివరంగా రాశారు. కానీ నిబంధన కాగితం మీదుంటుంది, బండి నా లాంటి వాడి షెడ్డులో తయారవుతుంది. ఆ కాగితాన్ని ఈ షెడ్డు దాకా తెచ్చేవాడు లేడు. నేను చూసిన పని ఆర్డర్లలో వాహనం ఒకటి, బోను ఒకటి అని రాసి ఉంటుంది, కింద ధర ఉంటుంది. రేకు మందం కూడా రాయరు.

సరైన బండి ఎలా ఉండాలో నాకు నేర్పింది వేట కుక్కలు. రాజపాళయం నుంచి వచ్చి ఇక్కడ లాస్పేటలో ఉంటున్న ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చాడు. ఆ ఊరి రాజులు వందల ఏళ్ల కిందట తెలుగునేల నుంచి వెళ్లినవాళ్లు. ఇంట్లో ఇప్పటికీ తెలుగే. వాళ్ల ఊరి పేరే పెట్టుకున్న జాగిలం దేశమంతా పేరు మోసింది. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద వేసిన బిళ్లల్లో ముధోల్, రాంపూర్ జాగిలాలతో పాటు అదీ ఉంది. తెల్లటి ఒళ్లు, గులాబీ రంగు ముక్కు, భుజం దగ్గర 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు. ఒకప్పుడు అడవి పందిని నిలేసిన జాతి. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేటకు కాలం చెల్లింది, చెల్లాల్సిందే. ఇప్పుడవి తోటల కాపలాకీ, ప్రదర్శనలకీ, ఇంట్లో మనిషిలా తిరగడానికీ ఉన్నాయి. కుర్రాడి దగ్గర ఒక రాజపాళయం, చిప్పిపారై అనే జాతి జాగిలం ఒకటి. రెంటినీ స్కూటర్ ముందు కాళ్ల దగ్గర ఇరికించి పశు వైద్య కళాశాలకి తీసుకెళ్లలేక అవస్థ పడుతున్నాడు.

"బాబాయ్, నాకు బోను వద్దు. పడుకుని వెళ్లగలిగే గూడు కట్టిపెట్టండి," అన్నాడు.

ముందు కొలతలు తీసుకున్నాం. విమానాల్లో జంతువుల్ని పంపడానికి ప్రపంచమంతా వాడే లెక్క ఒకటుంది, అంతర్జాతీయ విమాన రవాణా సంఘం (ఐఏటీఏ) వాళ్లది. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా పొడవు కొలిచి, నేల నుంచి మోచేతి దాకా ఉన్న ఎత్తులో సగం దానికి కలిపితే పెట్టె పొడవు. భుజాల వెడల్పుకు రెట్టింపు పెట్టె వెడల్పు. నిలబడినప్పుడు చెవి కొస దాకా ఉన్న ఎత్తుకు కింద పరిచే పరుపు మందం కలిపితే పెట్టె ఎత్తు. అంతలో కుక్క నిలబడగలదు, తిరగగలదు, కాళ్లు చాపి పడుకోగలదు. మోటారు సైకిల్ మీద పెట్టెకు కేంద్రం 2020లో అనుమతిచ్చిన కొలత 55 సెంటీమీటర్ల పొడవు, 51 వెడల్పు, 50 ఎత్తు. కుక్కపిల్లకైతే సరే. జాగిలానికి నడుం వంచినా సరిపోదు. అందుకని సామాన్లు మోసే మూడు చక్రాల ఎలక్ట్రిక్ బండి మీదే గూడు కట్టాలని నిర్ణయించాం. దాని వేగం 25 కిలోమీటర్లు దాటదు, పొగగొట్టం ఉండదు, నేలకు దగ్గరగా ఉంటుంది.

కట్టే తీరు కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు విషయమంతా ఇందులోనే ఉంది. ఒక అంగుళం స్క్వేర్ పైపుతో చట్రం. ఇక్కడి ఉప్పుగాలికి మామూలు ఇనుము రెండు వానాకాలాలకే పొరలు పొరలుగా రాలిపోతుంది, అందుకని జింకు పూత పైపు వాడాలి. వెల్డింగ్ పడ్డ ప్రతిచోటా పూత కాలిపోతుంది కాబట్టి అక్కడ మళ్లీ జింకు పెయింటు కొట్టాలి. బోల్టులు స్టెయిన్‌లెస్‌వే. అడుగున మెరైన్ ప్లైవుడ్, దాని మీద పశువుల కొట్టంలో వేసే మందపాటి రబ్బరు. ఈ రబ్బరు ఎందుకంటే, వేట జాగిలానికి ఒంటి మీద కొవ్వుండదు. చర్మం పల్చన, మోచేతుల దగ్గర ఎముక పైకే తెలుస్తుంది. గట్టి నేల మీద గంటసేపు కుదుపులు తింటే అక్కడే ఒరుసుకుని పుండు పడుతుంది. నేల వెనక్కి కాస్త వాలుగా ఉండాలి, మూలల్లో నీళ్లు పోవడానికి కన్నాలుండాలి. లేకపోతే కుక్క తన మూత్రంలోనే తడుస్తూ వెళ్తుంది.

మూడు వైపులా గాలి ఆడాలి. మెష్ కొసలు చట్రానికి బయటి వైపునే ఉండి, వాటి మీద పట్టీ కప్పి బిగించాలి. చేత్తో లోపలంతా తడిమి చూడాలి. పైకప్పు రెండు పొరలు, మధ్యలో నాలుగు వేళ్ల సందు. పై రేకు ఎండను తింటుంది, కింది రేకు చల్లగా ఉంటుంది. గూళ్ల మధ్య అడ్డుపలక మెష్‌తో కాకుండా ప్లైవుడ్‌తో ఉండాలి. ఒకదాని ముఖం ఒకదానికి కనపడకపోతే సగం గొడవ తగ్గుతుంది. తలుపు పక్కకి తెరుచుకునేది కాకుండా పైకి జరిగేదైతే, వలలో ఉన్న కుక్కను గూటి మూతి దగ్గరికి చేర్చి తలుపు కాస్తంత పైకెత్తితే చాలు, లోపలికి పోతుంది. పట్టేవాడి చెయ్యి పళ్లకు అందదు. కుర్రాడి చిప్పిపారై మొదటిరోజు బండి ఎక్కనంది. ఏటవాలు పలక మీద గోనె సంచీ పరిచి, పాదాలు జారకుండా అడ్డంగా సన్న కర్రలు కొట్టాం. వాసన చూసింది, ఒక కాలు పెట్టి ఆగింది, తర్వాత తనంతట తానే ఎక్కి వెనక్కి తిరిగి పడుకుంది. చెయ్యి వేయాల్సిన పని లేకపోయింది.

మంచు దేశాల్లో ఈ పని ఎప్పటి నుంచో పద్ధతిగా సాగుతోంది. కెనడాలోనూ అమెరికా ఉత్తర ప్రాంతాల్లోనూ జాగిలాలతో వేటకెళ్లేవాళ్లు స్నోమొబైల్ అనే మంచు మీది మోటారు బండి వెనక స్లెడ్ (చక్రాల్లేని జారుడు బండి) తగిలించి, దాని మీద పెట్టెలో కుక్కల్ని తీసుకెళ్తారు. లోతు మంచులో బండి వెంట పరిగెత్తిస్తే అసలు పని మొదలయ్యేసరికే కుక్క డస్సిపోతుంది. స్లెడ్‌ను తాడుతో కట్టరు. తాడైతే బండి ఆగినప్పుడు స్లెడ్ ఆగకుండా వచ్చి దాన్ని గుద్దుతుంది కనక గట్టి ఇనుప కమ్మీతో తగిలిస్తారు. బండి బెల్టు చిమ్మే మంచుపొడి, పొగ కుక్క ముఖాన కొట్టకుండా ముందువైపు మూసేస్తారు. లోపల గడ్డి పరుస్తారు. వాళ్లకు చలి, మనకు ఎండ. లెక్క మాత్రం ఒకటే. గాలి ఎటు నుంచి, పొగ ఎటు నుంచి, కుదుపు ఎక్కడ తగులుతుంది, కుక్క ఎలా పడుకుంటుంది. వేటను నేను మెచ్చను. వాళ్ల బండిపనిని మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అలాస్కాలో 1973 నుంచి జరుగుతున్న ఇడిటరాడ్ పందెంలో కుక్కలే స్లెడ్ లాగుతాయి. అక్కడ కూడా ఒక కుక్క అలిసినా గాయపడినా మిగతావి లాగే బండిలోనే దాన్ని ఎక్కించుకుని, చలి తగలకుండా కప్పి, తర్వాతి మజిలీ దాకా తీసుకెళ్లాలి. అది పందెం నిబంధన.

స్నోమొబైల్ పుట్టిన కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కెనడాలోని క్విబెక్‌లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో అతని రెండేళ్ల కొడుక్కి జబ్బు చేసింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆస్పత్రికి చేర్చలేకపోయారు, పిల్లవాడు చనిపోయాడు. అప్పటికే మంచు మీద నడిచే బండి కోసం తంటాలు పడుతున్న ఆ తండ్రి ఆ తర్వాత పట్టుదలగా పనిచేసి 1937లో దాని చక్రపు బెల్టుకు పేటెంటు పొందాడు, 1959లో స్కీ-డూ అనే స్నోమొబైల్ తెచ్చాడు. రోగిని వైద్యుడి దగ్గరికి చేర్చలేకపోవడమన్నది ఎంత పెద్ద బాధో ఆ మనిషికి తెలుసు.

మనుషులకే అంబులెన్సులు చాలని చోట కుక్కలకు బండ్లా అని అడిగేవాళ్లున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ని వీధికుక్కలు కరిచి చంపాయి. ఆ దృశ్యం చూసిన ఏ తండ్రికైనా కోపం వస్తుంది, రావాలి కూడా. కానీ ఆ పిల్లల కోసమే నేను ఈ బండి అడుగుతున్నాను. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. దాన్ని ఆపాలంటే ఊళ్లో నూటికి 70 కుక్కలకైనా టీకా పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ టీకా ఒకసారి వేసి ఊరుకునేది కాదు, మళ్లీ మళ్లీ వేయాలి. మొదటిసారి బండిలో చర్మం చీరుకుని, పొగకు ఉక్కిరిబిక్కిరై, పక్కకుక్క కరిచి దిగిన కుక్క రెండోసారి ఎవరికి దొరుకుతుంది? ఖాకీ చొక్కా కనపడగానే నాలుగు వీధుల అవతలికి పోతుంది. ఆడకుక్క అయితే ఆపరేషన్ కాకుండా అక్కడే ఈనుతుంది. టీకా వరకైతే వీధిలోనే వేసి వదలొచ్చు, గోవాలో వలలతో తిరిగి చాలావరకు అలాగే చేశారు. 2021లో రేబీస్ నియంత్రణ సాధించిన తొలి రాష్ట్రంగా గోవాకు పేరొచ్చింది. ఆపరేషన్ మాత్రం వీధిలో కాదు. దానికి బండి తప్పదు.

వరదలప్పుడు ఈ లోటు ఇంకా బాగా తెలుస్తుంది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను తీరం దాటినప్పుడు పుదుచ్చేరిలో ఒక్క రోజులో 45 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అంతకు ముందు ముప్పై ఏళ్లలో ఊరికి ఒక్క రోజులో అంత వాన పడలేదు. కృష్ణానగర్‌లో జనాన్ని బయటికి తేవడానికి సైన్యం దిగాల్సి వచ్చింది. మా వీధుల్లో చాలామంది కుక్కల్ని డాబా మీద వదిలి, గుండె రాయి చేసుకుని పడవెక్కారు. కొంతమంది కుక్కను వదలలేక తామూ ఉండిపోయారు. రెండోది అధికారులు గమనించాలి. కత్రినా తుపానులో సరిగ్గా ఇదే జరిగితే అమెరికా 2006లో చట్టం చేసింది. జనాన్ని తరలించే ప్రణాళికలో పెంపుడు జంతువుల్నీ లెక్కలోకి తీసుకోవాలంది. మనకు కావలసింది అంత పెద్ద చట్టం కూడా కాదు. ఫైబర్‌తో అడుగు చదునుగా పోసిన ఒక తొట్టి, నాలుగు అంచుల్లో కొక్కేలు, లాగడానికి కమ్మీ. నీళ్లుంటే తేలుతుంది, బురదలో జారుతుంది. మంచు మీది స్లెడ్ ఇక్కడి వాననీళ్లకు అలా పనికొస్తుంది. ఇక్కడి తీరం వెంబడి చేపల పడవలకు ఫైబర్ పని చేసే చేతులు కావలసినన్ని ఉన్నాయి. వాళ్లకు ఇది రెండు రోజుల పని.

బండ్లు కట్టడం ఈ ఊరికి కొత్తేం కాదు. ఫ్రెంచివాళ్ల కాలంలో ఇక్కడ పూస్-పూస్ అనే బండి తిరిగేది. వెనక నుంచి మనిషి తోస్తుంటే ముందు కూర్చున్నవాడు కమ్మీ పట్టుకుని దారి తిప్పేవాడు. పాత ఫొటోల్లో చూస్తే దాని పనితనం ముచ్చటేస్తుంది, తోసేవాడి బతుకు తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఇక్కడి అసలు చిక్కు అడగడానికి మనిషి లేకపోవడం. పుదుచ్చేరిలో 2006లో స్థానిక ఎన్నికలు జరిగాయి, గెలిచినవాళ్ల గడువు 2011లో ముగిసింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికల్లేవు. కౌన్సిలర్ ఉంటే వీధి మొగలో పట్టుకుని అడిగేవాళ్లం. ఇప్పుడు అర్జీ రాసి ఆఫీసు కిటికీలో ఇచ్చి రావడమే. అందుకే పత్రికలో రాస్తున్నాను. పుదుచ్చేరి, ఉళవర్‌కరై మున్సిపాలిటీలకే కాదు, మా యానానికీ, ఆంధ్ర తెలంగాణల్లో కుక్కల బండి ఉన్న ప్రతి మున్సిపాలిటీకీ ఈ మాట వర్తిస్తుంది. కురుంబాపేటలో రాజీవ్ గాంధీ పశు వైద్య విద్యా పరిశోధన సంస్థ ఉంది. లాస్పేటలో మోతీలాల్ నెహ్రూ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. కుక్కకు ఏం కావాలో వాళ్లు చెప్పగలరు, ఇనుమును ఎలా వంచాలో వీళ్లు చెప్పగలరు. ఇద్దరూ ఒక రోజు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే నక్షా తయారవుతుంది. టెండరులో 'వాహనం ఒకటి' అని రాయడం మాని ఆ నక్షా జత చేయండి. గూడు కొలత, నేల మీద రబ్బరు, రెండు పొరల పైకప్పు, పైకి జరిగే తలుపు, పొగగొట్టం ఎటు ఉండాలో, అన్నీ రాయండి. బండి తీసుకునే రోజు పశు వైద్యుడు లోపల చెయ్యి పెట్టి తడిమి సంతకం చేశాకే బిల్లు పాస్ చేయండి.

కుర్రాడి జాగిలాల గూటికి పైపులు, ప్లై, రబ్బరు, రేకు, కూలీ అన్నీ కలిపి ఒక కొత్త స్కూటర్ ధర కన్నా తక్కువే అయింది. ఎలక్ట్రిక్ బండి విడిగా. ఆ కొలతల కాగితం నా దగ్గరుంది, ఏ ఊరి మున్సిపాలిటీ అడిగినా నకలు ఇస్తాను, కట్టే చోటికి వచ్చి నిలబడతాను. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. ఈలోగా పుదుచ్చేరి, ఉళవర్‌కరై మున్సిపాలిటీల్లో కనీసం ఒక్కో బండి, ఒక్కో ఫైబర్ తొట్టి సిద్ధం చేయండి.